పైకి చదివిన పేజీ

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి టైలరమ్మ కుడి మణికట్టు విరిగింది. కుట్టుమిషను మీద కప్పే చెక్క మూతతో మూడు దెబ్బలు పడ్డాయి. మొదటి దెబ్బకే ఎముక విరిగిందని, మిగతా రెండూ విరిగినచోటే పడ్డాయని ఆస్పత్రి డాక్టరు కాగితం మీద రాశాడు.

ఎడమ చెయ్యి ఆమెకు పదేళ్ళుగా లేవదు, కుట్టుపని అప్పుడే ఆగింది. కాళ్ళు అంతకు ముందే పోయాయి. టైపు చెయ్యడానికి మిగిలింది ఆ కుడిచెయ్యే. అందులోనూ చూపుడువేలి కణుపు ఒక్కటే.

ఒంటిగంటా పది నిమిషాలకు, ఊళ్ళో ఇంకో ఇంట్లో, అమ్మడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని మేడ మీంచి దిగింది. ముప్ఫయ్యారేళ్ళ మనిషి, వెబ్‌సైట్లు చేస్తుంది. ఇంట్లో పిలుపు ఇంకా అమ్మడే.

వంటింట్లో కుళాయి పారుతోంది. వదిన సింకు దగ్గర నిలబడి తన తమ్ముడి చెయ్యి కడుగుతోంది. బొటనవేలి మొదట్లో పళ్ళ గాట్లున్నాయి, ఐదు. తమ్ముడు ఆరడుగుల మనిషి. అతన్ని బుజ్జీ అని పిలుస్తారు.

"మండుతోందే అక్కా. మెల్లగా."

"కదలకు."

అన్నయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో "అవునండీ, తప్పకుండా అండీ, ఇంట్లోనే ఉంటామండీ" అంటున్నాడు. ఫోను పెట్టేసి అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పర్యవేక్షణ ఆఫీసు. ఆస్పత్రి వాళ్ళు చెప్పేశారట. నాలుగింటికి ఆఫీసరు వస్తోంది."

అన్నయ్యది సహాయకుల సంస్థ. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు, చేతులాడనివాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపుతుంది. నలభై మూడు ఇళ్ళు. ముందుగదే ఆఫీసు. బుజ్జి ఆ మనుషుల్లో ఒకడు. రోజూ తొమ్మిది నుంచి పన్నెండు దాకా టైలరమ్మ ఇంట్లో అతని డ్యూటీ. ఆ సంస్థ వెబ్‌సైటు చేసింది అమ్మడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు అన్నయ్య. "మూడోసారి అడుగుతున్నా. మూడుసార్లూ ఒకేలా రావాలి."

"పడిపోయింది బావా. కుర్చీలోంచి కుడివైపుకి వాలింది. పట్టుకోబోతే కరిచింది. సాయం చేసినందుకు బహుమానం."

"ఇందాక ముందుకి పడిందన్నావు."

"కుడివైపు ముందుకి."

"వెనక్కి కూడా పడిందా?"

అమ్మడు ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి అన్నయ్య వైపు తిప్పింది.

"పడలేదు. చదువు."

తెర మీద ఫిర్యాదు పేజీ ఉంది. పెద్ద అక్షరాలు, నల్ల గళ్ళు, వేలి కణుపుతో నొక్కినా తప్పిపోనంత వెడల్పు మీటలు. గడిలో పదహారు మాటలున్నాయి.

*నాకు సాయం చేసే మనిషి నన్ను కొడుతున్నాడు. కుర్చీ గోడ వైపు తిప్పి చక్రాలకు బ్రేకు వేసి పోతున్నాడు. మనిషిని మార్చండి.*

అన్నయ్య రెండుసార్లు చదివాడు. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. వదిన కుళాయి కట్టేసింది.

"పదకొండూ తొమ్మిదికి పేజీ తెరిచింది," అంది అమ్మడు. "పదకొండూ పద్దెనిమిదికి రాయడం అయింది. పంపే మీట నొక్కలేదు."

"పంపనిది నీకెలా దొరికింది?"

"ఇరవై సెకన్లకోసారి దానంతటదే దాచుకుంటుంది. నెమ్మదిగా రాసేవాళ్ళది మధ్యలో ఎగిరిపోకూడదని, నా పేజీలు పరీక్షించే మాస్టారు పట్టుబట్టి పెట్టించారు."

"ఇదెవరెవరు చూశారు?"

"అదా నువ్వడిగే మొదటి మాట?"

"ఎవరు చూశారే?"

"నేను. ఇప్పుడు నువ్వు."

"తీసెయ్."

వదిన గుడ్డతో తమ్ముడి చెయ్యి తుడుస్తోంది. తడి ఆరిపోయినా తుడుస్తూనే ఉంది.

"ఆవిడకి కళ్ళే సరిగ్గా ఆనవు," అన్నాడు బుజ్జి. "ఏం టైపు చేసిందో ఆవిడకే తెలీదు. ఏదో నొక్కబోతే ఏదో పడుంటుంది."

"ఆనవనే కదా, రాసింది పేజీయే చదివి వినిపి—"

అమ్మడు మాట మధ్యలో ఆపేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో కిటికీ తెరిచింది. అందులో వరసలు వరసలుగా టైములున్నాయి. పేజీ ఏ సెకనులో ఏం చేసిందో అక్కడ నమోదవుతుంది. వేలు పెట్టి కిందికి జరిపింది.

11:18:40, చదవడం మొదలు. 11:18:54, చదవడం ఆగింది.

పద్నాలుగు సెకన్లు.

"బుజ్జీ, అప్పుడు నువ్వెక్కడున్నావు?" ఇన్నాళ్ళూ అతన్ని బావా అనేది.

"వంటగదిలో. ఆవిడకి పాలు కాస్తున్నా."

"ఏం విన్నావు?"

బుజ్జి అక్క చేతిలోంచి గుడ్డ లాక్కుని బొటనవేలికి చుట్టుకున్నాడు. నవ్వాడు.

"నీ గొంతే విన్నా. 'మీరు రాసింది ఒకసారి వినండి' అన్నావుగా. టీవీ అనుకున్నా. తర్వాత ఆ మరగొంతు అందుకుంది. బాగా చేశావు అమ్మడూ, ఒక్క అక్షరం కూడా మింగలేదు."

అన్నయ్య లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి పిడికిలితో బుజ్జి మొహం మీద గుద్దాడు. ముక్కు చిట్లింది. రెండో గుద్దు చెవి మీద పడింది. బుజ్జి తల సింకు అంచుకు తగిలింది. గిన్నెలు రెండు కింద పడ్డాయి. వదిన పక్కకు జరిగింది, అంతే. ఆపలేదు, అరవలేదు.

"పడిపోయిందన్నావు కదరా! మూడుసార్లు చెప్పించుకున్నాను కదరా నీతో!"

"నువ్వడిగావు, చెప్పా," అన్నాడు బుజ్జి. రక్తం నోట్లోకి పోతోంది. సింకులో ఉమ్మాడు. "ఏం, నీకు తెలీదా బావా? ఆర్నెల్ల కిందట నేను అంతకుముందు పనిచేసిన ఇంటివాళ్ళు నన్ను మార్చమన్నప్పుడు ఎందుకో నువ్వడగలేదేం?"

అన్నయ్య చెయ్యి మూడోసారి లేచి అక్కడే ఆగింది. దించాడు. పడిన కుర్చీ లేపి నిలబెట్టాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"తీసెయ్ అమ్మడూ."

"అన్నయ్యా, నువ్వు విన్నావా వాడేమన్నాడో?"

"విన్నాను. రేపు వీణ్ణి మెడపట్టి గెంటుతాను. ఇంకే ఇంటికీ పంపను. కానీ అది ఆఫీసరు కంట పడితే సంస్థకి తాళం వేస్తారు. రేపు పొద్దున ఆ నలభై ముగ్గురినీ మంచం మీంచి లేపేదెవరు? నువ్వా? నీ వెబ్‌సైటా?"

"టైలరమ్మని ఎవరు లేపుతారు?"

"ఆవిడతో నేను మాట్లాడతాను."

"ఏమని?"

అన్నయ్య ల్యాప్‌టాప్ మూత వేశాడు. రెండు చేతులతో ఎత్తి బల్ల అంచుకేసి కొట్టాడు. మూడో దెబ్బకు తెర ఊడి వేలాడింది. మీటలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"అది ఇందులో లేదు," అంది అమ్మడు. "సర్వర్లో ఉంది. నా పాస్‌వర్డు లేకుండా ఎవరూ ముట్టుకోలేరు."

"ఏమిటా పాస్‌వర్డు?"

"చెప్పను."

బుజ్జి రెండంగల్లో వచ్చి ఆమె జడ చేతికి చుట్టుకుని తల వెనక్కి లాగాడు. ఎడమచేత్తో కొట్టాడు. పై పెదవి పన్నుకు కోసుకుంది. "చెప్తావా, చెప్పించనా?" అన్నాడు.

"బుజ్జీ," అన్నాడు అన్నయ్య.

అంతకంటే ఏమీ అనలేదు. బుజ్జి జడ వదిలాడు.

"నాలుగింటి లోపల," అన్నాడు అన్నయ్య చెల్లెలితో. "నువ్వే తీసెయ్. నాతో చెప్పించుకోకు."

*

రెండున్నరకు మాస్టారు వచ్చారు.

ఆయనకు పుట్టుకతో చూపు లేదు. ఇరవై ఏళ్ళు చూపులేని పిల్లలకు టైపు నేర్పారు, అందుకే మాస్టారు. ఇప్పుడు వెబ్‌సైట్లు పరీక్షిస్తారు. అమ్మడు చేసిన ప్రతి పేజీ ముందు ఆయన చేతుల్లోంచి పోవాలి. మీట మీట నొక్కుకుంటూ పోయి "ఇక్కడ గోడ ఉంది తల్లీ, తలుపు పెట్టు" అంటారు.

తలుపు బుజ్జి తీశాడు. "ఏం కావాలి?" అన్నాడు.

"అమ్మడుందా, బుజ్జీ?"

"నేనని ఎలా తెలిసింది?"

"ముక్కుదిబ్బడతో మాట్లాడుతున్నా నీ గొంతు నీదే. జలుబా, రక్తమా?"

బుజ్జి దారి ఇవ్వలేదు. మాస్టారు గడప అవతలే నిలబడి చెప్పారు. టైలరమ్మ పక్క షాపు లాండ్రీ ఆయన ఆమె కేకలు విని తలుపు తోసుకుని వెళ్ళాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఆమె చెప్పిన నంబరుకు ఫోను చేశాడు. ఆ నంబరు మాస్టారుది. ఎముక సర్దడానికి ఆమెకు మత్తు ఇచ్చారు. నాలుగు దాటితే గాని తెలివి రాదన్నారు. లాండ్రీ ఆయన షాపుకు వెళ్ళిపోయాడు.

"మత్తు ఎక్కేముందు ఫోన్లో నాతో రెండు ముక్కలంది," అన్నారు మాస్టారు. "'పేజీ పైకి చదివేసింది మాస్టారూ' అంది. నీ పేరెత్తలేదు బుజ్జీ. పేజీనే తిట్టింది. నువ్వు చేసేది ఆవిడకి అలవాటైపోయింది కాబోలు, కొత్తగా మోసం చేసింది పేజీయే."

అమ్మడు మెట్ల మీంచి అరిచింది. "మాస్టారూ, లోపలికి రాకండి!"

అప్పటికే బుజ్జి ఆయన చేతిలోని తెల్లకర్ర లాక్కున్నాడు. మోకాలి మీద పెట్టి వంచాడు. అల్యూమినియం కర్ర, విరగలేదు, వంగింది. ఆ వంగిన కర్రతోనే కొట్టాడు. మొదటిది భుజం మీద పడింది. దెబ్బ ఎటు నుంచి వస్తుందో తెలియక మాస్టారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. రెండోది ఆ చేతుల మధ్యలోంచి నుదుటికి తగిలింది. ఆయన గోడ పట్టుకోబోయారు. గోడ ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. పడిపోయారు.

అన్నయ్య వెనకనుంచి వచ్చి బావమరిది కాలరు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయాడు. లోపల ఏదో బరువైనది గోడకు కొట్టుకుంది. తర్వాత అన్నయ్య గొంతు వినిపించింది. "ఇంకొక్కడి మీద చెయ్యి పడిందంటే నేనే పోలీసుల్ని పిలుస్తాను. కూర్చో. అక్కడే కూర్చో."

అమ్మడు మాస్టారిని లేపి, చెయ్యి తన భుజం మీద వేసుకుని మేడ ఎక్కించింది. ఆయన మామూలుగా మెట్లు లెక్కపెడతారు. ఈసారి లెక్కపెట్టలేదు.

గదిలోకి వెళ్ళాక ఆమె గడియ పెట్టింది. ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి నుదుటికి తువ్వాలు అదిమింది.

"నేను చెప్పానా, లేదా?" అన్నారు మాస్టారు.

"చెప్పారు."

"ఏమని?"

"పేజీ నోరు మూసుకుని ఉంటే చాలని."

"తెర మీది అక్షరాలు చదివే రీడర్లు మాకున్నాయి, చెవిలో పెట్టుకుని వింటాం అన్నానా? పేజీ దానంతటది వాగకూడదన్నానా?"

"టైలరమ్మ దగ్గర రీడరు లేదు మాస్టారూ. ఏం రాసిందో పంపేముందు తనకి తెలియాలని—"

"తనకి తెలియాలి. ఊరికి కాదు. ఒక మీట పెడితే సరిపోయేది. వినాలంటే నొక్కుతుంది, వద్దంటే మానేస్తుంది. నువ్వు ఆ మీట కూడా ఆవిడ చేతికి ఇవ్వలేదు."

"నేను పరీక్ష చేశాను. ముప్ఫైసార్లు విన్నాను."

"ఎలా విన్నావు?"

అమ్మడు ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పని చేస్తుంది. కింద ఆఫీసు ఫోన్లు, వంటింటి చప్పుళ్ళు, అన్నయ్య గొంతు. ముప్ఫైసార్లూ ఆ మాటలు ఆమె చెవుల్లోనే పలికాయి. గదిలో ఒక్కసారి కూడా పలకలేదు. ప్రారంభోత్సవం రోజున అన్నయ్య ఆ పేజీని మైకు పక్కన పెట్టి "మాట్లాడే వెబ్‌సైటు" అని అందరికీ వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. మాస్టారు ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ గదిలో ఇంకో మనిషి ఉంటాడని నీకు తట్టలేదు," అన్నారు మాస్టారు. "చూపున్నవాళ్ళకి తట్టదు. తల తిప్పితే తెలిసిపోతుంది కదా. మాకలా కాదు. ఉన్నారో లేదో తెలియదు గనక ఉన్నారనే అనుకుంటాం. పుట్టినప్పటినుంచీ అలాగే మాట్లాడతాం."

"నన్నేం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేం? అప్పుడు చెబితే వినలేదుగా."

తువ్వాలు మడత మార్చి మళ్ళీ అదిమింది. ఆయన "అబ్బా" అన్నారు.

మూడుంపావుకు తలుపు మీద గోటితో తట్టిన చప్పుడైంది. వదిన. చేతిలో నీళ్ళ గిన్నె, భుజం మీద గుడ్డలు. లోపలికి వచ్చి తనే గడియ పెట్టింది. మాస్టారి నుదురు కడిగింది. పెదవి మీద పెట్టుకోమని అమ్మడికి తడిగుడ్డ ఇచ్చింది. గిన్నెలో నీళ్ళు రంగు మారాయి.

"తీసేశావా?" అంది వదిన.

"లేదు."

"తీసెయ్యకు."

అమ్మడు ఆమె మొహంలోకి చూసింది. పదకొండేళ్ళ కాపురంలో వదిన తమ్ముడి మీద ఈగ వాలనివ్వలేదు. ఉద్యోగం ఇప్పించింది ఆమే.

వదిన ఎడమచెయ్యి చాపి చూపించింది. చిటికెన వేలు పై కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది. ఆ వేలిని అమ్మడు వెయ్యిసార్లు చూసి ఉంటుంది.

"ఇది ఆటలో పడి విరిగింది కదా."

"అని మా అమ్మతో చెప్పాను. మీ అన్నయ్యతోనూ అదే చెప్పాను. నాకు పద్నాలుగు, వాడికి తొమ్మిది. తలుపు సందులో నా వేలు పెట్టి మూశాడు. ఏడుస్తానో లేదో చూడటానికి మళ్ళీ తీసి మూశాడు."

"మరి మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి ఎలా పంపించావు వదినా?"

వదిన గుడ్డ పిండింది. "పెద్దాడయ్యాడు, బాగుపడ్డాడనుకున్నాను," అంది. "అనుకోవాలనుకున్నాను. అది కాగితం మీద ప్రింటు తియ్యి. నేను పట్టుకెళ్తాను. నీ చేతిలో ఉంటే లాక్కుంటారు. నా చేతిలో ఏముందో ఈ ఇంట్లో ఎవరూ చూడరు."

అమ్మడు ఫోన్లోంచే సర్వరు తెరిచి ప్రింటు నొక్కింది. మొదటి కాగితం మీద పదహారు మాటలు. రెండో కాగితం మీద టైముల వరసలు. చదవడం మొదలు, చదవడం ఆగింది.

"రెండోది ఎందుకు?" అన్నారు మాస్టారు చప్పుడు విని. "మొదటిది చాలుగా. రెండోది టైములదైతే నిన్నే పట్టిస్తుంది."

"అందుకే."

వదిన రెండు కాగితాలూ మడిచి తడిగుడ్డల కింద గిన్నె అడుగున పట్టుకుంది. గడియ తీసి దిగిపోయింది. మెట్ల దగ్గర అన్నయ్య గొంతు: "ఏమంటోంది?" వదిన గొంతు: "పెదవి వాచింది."

మూడూ నలభైకి అన్నయ్య పైకి వచ్చాడు. అప్పటికి అమ్మడు మళ్ళీ గడియ పెట్టుకుంది.

"అమ్మడూ, తలుపు తియ్యి. నాన్న మంచంలో ఉన్నప్పుడు ఒక్కడూ రాలేదు. గుర్తుందా? ఆయన్ని ఒక పక్కకి తిప్పడానికి మనిద్దరికీ బలం చాలేది కాదు. అందుకు పెట్టాను ఈ సంస్థ. దీన్ని నీ చేత్తో చంపకు."

"నాన్నని ఎవరైనా కొట్టుంటే ఎవరికి చెప్పుకునేవాడు అన్నయ్యా?"

తలుపు మీద తన్ను పడింది. రెండో తన్నుకు గడియ స్క్రూలు చెక్కలోంచి సగం బయటికి వచ్చాయి. మూడో తన్నుకు తలుపు తెరుచుకుని గోడకు కొట్టుకుంది. అన్నయ్య బల్ల మీది ప్రింటరు చూశాడు. పచ్చదీపం వెలుగుతోంది. ప్రింటరును తీగతో సహా లాగి నేలకేసి కొట్టాడు. చెల్లెలి చేతిలోంచి ఫోను లాక్కుని కాలికింద వేసి తొక్కాడు.

"ఎక్కడ కాగితం?"

మాస్టారు మంచం మీంచి లేచి గొంతు వచ్చిన వైపు చేతులు చాపారు. అన్నయ్య ఆయన్ను తొయ్యలేదు. చెల్లెలి గొంతు పట్టుకున్నాడు. ఆమె వీపు అల్మరాకు ఆనింది. పట్టు వదల్లేదు.

కింద గంట మోగింది. రెండుసార్లు.

అన్నయ్య చేతులు తీసేశాడు. చొక్కా సర్దుకున్నాడు. మెట్లు దిగుతూ "వస్తున్నానండీ" అన్నాడు.

*

ఆఫీసరు యాభై దాటిన మనిషి. హెల్మెటు కుర్చీ పక్కన నేల మీద పెట్టింది. సంచిలోంచి ఫైలు తీసింది. అప్పుడు నాలుగూ రెండు నిమిషాలు.

"ఆవిడ కుర్చీలోంచి పడ్డారండీ," అన్నాడు అన్నయ్య. "మా మనిషి పట్టుకోబోయాడు. చాలా బాధగా ఉందండీ మాకు."

"మూడుసార్లు పడ్డారా?"

"అంటే?"

"దెబ్బలు మూడని డాక్టరు రాశాడు. మీ మనిషి ఎక్కడ?"

"వంటింట్లో ఉన్నాడు. పిలుస్తాను. అతనికీ దెబ్బలు తగిలాయి."

అమ్మడు మెట్ల మలుపు దగ్గర నిలబడింది. మెడ మీద వేళ్ళ గుర్తులు పైకి తేలుతున్నాయి. ఆఫీసరు ఆ గుర్తులు చూసింది. పెదవి చూసింది. నేల మీద ఇంకా ఊడ్చని ల్యాప్‌టాప్ మీటలు చూసింది.

"ఈ ఇంట్లో అందరూ పడుతూనే ఉన్నట్టున్నారే," అంది.

వంటింటి గుమ్మంలోంచి వదిన వచ్చింది. కాగితాలు తడిసి ఒకదానికొకటి అంటుకున్నాయి. మెల్లగా విడదీసి ఆఫీసరు ముందు బల్ల మీద పరిచింది. అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ఆఫీసరు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఈ రెండోదేమిటి?"

"నేను చేసిన తప్పు," అంది అమ్మడు. గొంతు సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పింది. "ఆవిడ రాసింది పేజీ పైకి చదివింది. నేనే అలా పెట్టాను. చదవమని ఆవిడ అడగలేదు. పక్కగదిలో అతనున్నాడు. విన్నాడు. వచ్చి కొట్టాడు."

"అబద్ధం," అన్నాడు అన్నయ్య. ఎవరినీ చూడకుండా అన్నాడు.

ఆఫీసరు కాగితాల మీద అరచెయ్యి ఆనించింది. "చూడమ్మా. ఇది పంపలేదు. పంపనిది మా లెక్కలో ఫిర్యాదు కాదు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఇంకెవరో రాశారని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. ఆవిడ నా ముందు 'ఇది నేనే రాశాను' అని ఒక్క మాట అంటే చాలు. ఈ సాయంత్రమే అతన్ని అరెస్టు చేయిస్తాను. అనకపోతే ఇది ఉత్త కాగితం."

"నాలుగు దాటాక తెలివి వస్తుందన్నారు," అన్నారు మాస్టారు మెట్ల మీంచి.

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అయితే పదండి, ఇప్పుడే వెళ్దాం. ముందు అతన్ని పిలవండి."

అన్నయ్య "బుజ్జీ" అని పిలిచాడు. జవాబు రాలేదు. ఇంకోసారి పిలిచాడు.

పెరటి వైపు మోటారుసైకిలు స్టార్టయింది. వదిన వంటింట్లోకి పరిగెత్తింది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద రక్తం మరకల గుడ్డ ఉంది, సగం తాగిన నీళ్ళ గ్లాసు ఉంది. అప్పుడు టైము నాలుగూ పన్నెండు. ఆ ఇంటి నుంచి ఆస్పత్రికి మోటారుసైకిలు మీద పది నిమిషాలు.

"నీ ఫోనివ్వు," అంది వదిన మొగుడితో.

అన్నయ్య కదల్లేదు. వదిన అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఫోను తీసుకుంది. ఆస్పత్రి నంబరు మాస్టారు నోటికి చెప్పారు. అయిదుసార్లు మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరు గుమ్మం బయట నిలబడి పోలీసులకు ఫోను చేసింది. ఇంటి అడ్రసు చెప్పింది, ఆస్పత్రి పేరు చెప్పింది, మనిషి ఎత్తు చెప్పింది. తర్వాత హెల్మెటు పెట్టుకుంది. అమ్మడు ఆమె వెనక బండెక్కింది.

వదిన మళ్ళీ చేసింది. లైను బిజీ. మళ్ళీ చేసింది.

నాలుగూ ఇరవై ఆరుకు వార్డు నర్సు ఫోను ఎత్తింది. టైలరమ్మకు మెలకువ వచ్చిందని చెప్పింది. ఆమెను చూసుకునే సహాయకుడు వచ్చాడని, సంస్థ కార్డు మీద ఫొటో, పేరు సరిచూసుకునే లోపలికి పంపామని, ఇద్దరూ మాట్లాడుకోవడానికి వీలుగా మంచం చుట్టూ తెర లాగామని చెప్పింది.